మోచేతి మడతలు

అభా
అక్టోబరు, శుక్రవారం

అఫ్షాన్ అబ్బాకు,

అస్సలాము అలైకుం. చొక్కాలు ఆరూ సంచిలో ఉన్నాయి. హబీబ్ భాయ్ రేపు కంపెనీ వ్యాను తీసుకుని మీ వైపు వస్తున్నాడు. పోయినసారి సంచిని సామాన్ల కింద తోశాడు కాబట్టి ఈసారి ముందు సీట్లో పెట్టమని చెప్పాను. "భాభీ, మీ చొక్కాలకు సీటు బెల్టు గూడ పెడ్తా" అన్నాడు. పెట్టనివ్వండి.

ఇక్కడ పొగమంచు దిగింది. తీగ మీద రెండు రోజులున్నా బట్టలు చల్లగానే తగులుతున్నాయి. ఒక రకంగా మేలే, ఇస్త్రీకి నీళ్లు చల్లే పని లేదు. సగం తడి ఉండగానే తీసి, చుట్టచుట్టి, కాసేపు ఆగి రుద్దుతున్నాను. కాకపోతే రుద్దిన వెంటనే మడత పెడితే ఆ వేడికి, తేమకు మళ్లీ ముడతలు పడతాయి. అందుకే పై గుండీ పెట్టి, హ్యాంగర్‌కు వేసి, పూర్తిగా చల్లారాకే సంచిలోకి దించాను. మీరు కూడా అందగానే తగిలించండి. నజ్రాన్ పొడి ఊరు. అక్కడ పడిన ముడత అక్కడే గట్టిపడుతుంది.

ఫోన్ ఉండగా కాగితం ఎందుకంటారేమో. ఫోన్లో మాట్లాడేటప్పుడు బిడ్డ అఫ్షాన్ పక్కనే ఉంటుంది. పైగా నేను ఏదైనా గట్టిగా అడిగితే మీకు నెట్ పోతుంది. జేబులో పెట్టిన కాగితానికి ఆ ఇబ్బంది లేదు. ఇకనుంచి తెల్ల చొక్కా జేబులో చూడండి. జవాబు కూడా అందులోనే పెట్టండి.

అడగాలనుకున్నది ఇది. ఆగస్టులో బదిలీ మీద వెళ్తూ, పిల్ల ప్లస్ టూ అయ్యాక కూడా ఈ ఇంట్లోనే ఉంటాం, కాలేజీ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఇప్పుడేమో పరీక్షలు కాగానే మా ఇద్దరినీ ఫైనల్ ఎగ్జిట్ మీద ప్రొద్దుటూరు పంపించేస్తానంటున్నారు. పాస్‌పోర్టులు వ్యానులో పంపమంటున్నారు. సెలవులకు వెళ్లి రావడం వేరు, ఎగ్జిట్ కొట్టించుకుని మళ్లీ రాకుండా పోవడం వేరు. పదిహేనేళ్లు ఈ అరబ్బు దేశంలో, ఈ కొండ మీద కాపురం చేశాం. ఇంతలో ఏం మారింది?

ఇంకొకటి. ఈ మధ్య మీరు పంపుతున్న మాసిన చొక్కాలు మాసినట్టు లేవు.

ఇష్రత్


నజ్రాన్
అక్టోబరు

ఇష్రత్‌కు,

వాలైకుం సలామ్. చొక్కాలు అందాయి, వెంటనే తగిలించాను. ఏ మగ్సలాలో ఉతికించి ఇస్త్రీ చేయిస్తున్నావని ఆఫీసులో అందరూ అడుగుతున్నారు. మగ్సలా మా ఇంట్లోనే ఉందని చెప్పాను.

చొక్కా మాయలేదంటే సంతోషించే భార్యలుంటారు గానీ, దిగులుపడే భార్యను నిన్నే చూస్తున్నాను. ఇక్కడ ఆఫీసంతా ఏసీ. కుర్చీలోంచి లేచే పని లేదు. చెమట ఎక్కడినుంచి వస్తుంది?

ఎగ్జిట్ సంగతి పెద్దగా ఆలోచించకు. రోజులు మునుపటిలా లేవు, ఎంతోమంది కుటుంబాలను పంపేస్తున్నారు. మన కంపెనీ కాగితాలు చూసే మందూబ్ కూడా ముందే పాస్‌పోర్టులు తెప్పించుకోమన్నాడు. హబీబ్ చేతికివ్వు, నమ్మకమైన మనిషి.

తిండికి లోటు లేదు. గదిలో నాతో ఉండే రాము పప్పు బాగా చేస్తాడు. రాజమండ్రి అబ్బాయి, నవ్వుతూ ఉంటాడు.

హమీద్


అభా
అక్టోబరు చివర

అఫ్షాన్ అబ్బాకు,

ఏసీ చెమటను ఆపుతుంది. మోచేతిని ఆపదు.

మీ చొక్కాలు నేను ఇన్నేళ్లుగా ఉతికి రుద్దుతున్నాను. ఆఫీసు నుంచి వచ్చిన చొక్కా ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మోచేతి లోపలివైపు అడ్డంగా ముడతలుంటాయి, కుడిచేతికి ఎక్కువ, ఎడమకు తక్కువ. ప్యాంటులో దోపిన చోట నడుము చుట్టూ గీత ఉంటుంది. దాని కింద బట్టంతా నలిగి ఉంటుంది. కుర్చీకి ఆనుకున్న చోట వీపు మీద అడ్డంగా పడుతుంది. కఫ్ బల్లకు రాసుకుని అంచు నల్లబడుతుంది.

ఈ ఆరు చొక్కాల్లో అవేవీ లేవు. నేను వీపు మీద మడిచిన గీత ఇంకా అలాగే నిలబడి ఉంది. ముడతలున్నాయి, కాదనను. కానీ అవి ఒంటి మీద పడ్డ ముడతలు కావు. ఉండచుట్టి పిడికిట్లో పిసికితే వేళ్ల సందుల్లో చుక్కల్లా పడతాయే, అవి. చివర అత్తరు చల్లారు. మీరు అత్తరు పండగకు తప్ప పూయరు.

అఫ్షాన్ నా ఎదురుగా కూర్చుని చదువుకుంటోంది. "ఏందమ్మా, చొక్కాను అట్ల వెలుతురుకు పెట్టి చూస్తాండావు? ఎక్స్‌రేనా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మీరు చొక్కా వేసుకోకుండా ఆఫీసుకు పోరు. అంటే ఆఫీసుకే పోవడం లేదు. మరి పగలంతా ఎక్కడుంటున్నారు? అక్కడ ఏం వేసుకుని ఉంటున్నారు?

పాస్‌పోర్టులు బీరువాలో ఉన్నాయి. ఈ వారం పంపడం లేదు.

ఇష్రత్


నజ్రాన్
నవంబరు

ఇష్రత్‌కు,

నీ ఉత్తరం రాముకు చదివి వినిపించాను. "మేడంగారు పోలీసుల్లో ఉండాల్సినోరండీ" అన్నాడు. నిజమే. రెండు వారాలుగా కీళ్ల నొప్పితో చేతులు చాపుకునే కూర్చుంటున్నాను, మోచేతుల దగ్గర ముడతలు లేకపోవడానికి అదే కారణం కావచ్చు. ఈసారి పంపినవి చూడు, బాగా వాడినవే. నీ పరీక్షలో పాసవుతాయి.

నీలం చొక్కా చేతుల మీద మెరుపు వచ్చింది. అది నూలు కాదు, పాలిస్టర్ కలిసింది. దాన్ని తిరగేసి రుద్దు. లేదంటే పైన పలచటి తడిగుడ్డ వేసి, పెట్టెను ఈడ్చకుండా ఎత్తి ఎత్తి ఆనించు. జేబు కిందినుంచి పైకి పోవాలి, పైనుంచి కిందికి వస్తే మూలల్లో గుడ్డ పోగుపడుతుంది.

పాస్‌పోర్టులు మరిచిపోవద్దు. మందూబ్ మళ్లీ అడిగాడు.

హమీద్


అభా
నవంబరు

అబ్దుల్ హమీద్ గారికి,

నెల రోజుల ముందు మీ పేరుతో ఉత్తరం మొదలుపెట్టాల్సి వస్తుందని అనుకోలేదు.

ఈ చొక్కాలు ఎవరో వేసుకున్నారు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. వేసుకున్నది మాత్రం మీరు కాదు. మీవి పొడుగు చేతులు. మీ మోచేతి మడత ఎక్కడ పడుతుందో కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపిస్తాను. వీటిలో అది భుజం వైపు జరిగింది. కఫ్‌లు పొడవెక్కువై లోపలికి మడుచుకున్న గీతలున్నాయి. పొట్టి చేతుల మనిషి. కాలర్ వెనక కొబ్బరినూనె మరక ఉంది. పదేళ్లుగా మీ తలకు నూనె కాదు కదా, దువ్వెన పని కూడా లేదు.

మీ చొక్కా తొడుక్కుని, తలకు కొబ్బరినూనె రాసుకుని తిరిగే ఆ పొట్టి చేతుల మనిషి ఎవరు?

రెండో సంగతి. ఇన్నేళ్లలో మీరు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు ఎటు పెడతారో కూడా చూడలేదు. నేను జ్వరంతో పడుకున్న రోజు కూడా ముడతల చొక్కాతోనే వెళ్లారు. అలాంటిది పాలిస్టర్‌కు తడిగుడ్డ, జేబు కిందినుంచి పైకి అని రాస్తున్నారు. రాసింది తప్పని కాదు, అక్షరం అక్షరం సరిగ్గా ఉంది. అందుకే అడుగుతున్నాను. ఎవరు నేర్పారు? బాగా తెలిసిన చేతులు నేర్పినట్టున్నాయి. ఆ చేతులు మీకు ఎదురుగా ఎన్నిసార్లు రుద్దితే మీకు అంత బాగా గుర్తుండాలి?

మూడోది ఈ ఉత్తరమే. మునుపు మీరు కాగితాన్ని ఎలా పడితే అలా మడిచేవారు. ఇది కత్తి అంచులా ఉంది. వేడి తగిలితే తప్ప కాగితం మడత అంత పదునుగా రాదు. మీ ఉత్తరాన్ని కూడా ఇస్త్రీ చేసి పంపేంత తీరిక అక్కడ ఎవరికుంది?

మమ్మల్ని ఎందుకు పంపించేయాలనుకుంటున్నారో ఇప్పుడు కొంచెం కొంచెం అర్థమవుతోంది.

ఇష్రత్


నజ్రాన్
నవంబరు చివర

ఇష్రత్‌కు,

నాకు కోపం వచ్చింది. వచ్చినా రాస్తున్నాను.

చొక్కాలు వేసుకున్నది రాము. ఊరివాళ్ల కార్యక్రమాలున్నాయంటే ఇచ్చాను. అతని తలకు నూనె ఉంటుంది, చేతులు పొట్టివి. దానికి ఇంత కథ అల్లావు. ఇస్త్రీ మాటలు ఎక్కడో విన్నవి. కాగితం దిండు కింద పెట్టుకుంటే మడత అలాగే పడుతుంది.

నీ ముందు నేను దొంగలా నిలబడి ఇవన్నీ చెప్పుకోవాలా? ఎగ్జిట్ మీ మంచికే. ఈ దేశంలో ఉండడానికి మీ ఇద్దరికీ ఉన్న ఇకామా గడువు ఏప్రిల్‌లో తీరుతుంది. ఆలోగా వెళ్లకపోతే చిక్కులొస్తాయి. కారణం అడగవద్దు. పాస్‌పోర్టులు పంపు.

హమీద్


అభా
డిసెంబరు

ఆరు చొక్కాలనూ రాము ఊరివాళ్ల కార్యక్రమాలకు వేసుకున్నాడన్నమాట. నజ్రాన్‌లో రాజమండ్రి వాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు.

ఇకామా గడువు అంటున్నారు. ప్రతి ఏడూ గడువు తీరేది, ప్రతి ఏడూ మీరు పొడిగించేవారు. ఈ ఏడు పొడిగించకపోవడానికి కారణం అడగవద్దంటున్నారు.

ఇప్పుడు నేను చెప్పేది వినండి. మన కింది వాటాలో ఉండి నజ్రాన్ ఆసుపత్రికి వెళ్లిపోయిన నర్సు ప్రేమజ్యోతి గుర్తుంది కదా. నిన్న ఫోన్ చేసింది. ఆమెకు నా మనసులో ఉన్నదేదీ తెలియదు, మామూలుగానే మాట్లాడింది. "అదేంటి వదినా, నజ్రాన్ వచ్చేసి మాట మాత్రం చెప్పలేదే" అని దెప్పింది. నేను అభాలోనే ఉన్నానన్నాను. తర్వాత నసుగుతూ చెప్పింది. డ్యూటీకి పోతుంటే మీరు కనిపించారట. మధ్యాహ్నం వేళ ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడి గంట కొడుతున్నారట. ఒక చేతిలో హ్యాంగర్‌కు ఆడవాళ్ల అబాయా, ఇంకో చేతిలో చిన్నపిల్ల గౌను. అవి నావీ అఫ్షాన్‌వీ అనుకుందట పాపం. అఫ్షాన్‌కు ఆ గౌను సరిపోయి పదేళ్లయింది. "నేనే పొరబడుంటానులే వదినా" అని ఆమె తొందరగా పెట్టేసింది. ఆమె పొరబడలేదని నాకు తెలుసు.

అబాయా ఇస్త్రీ చేసి ఉందా అని అడిగాను. అద్దంలా ఉందట.

మీ ఉత్తరాలు ఎవరు రుద్దుతున్నారో, మీకు తడిగుడ్డ సంగతి ఎవరు చెప్పారో, ఆ గౌను ఎవరి బిడ్డదో మీరే రాయాలి. రాసేదాకా పాస్‌పోర్టులూ లేవు, ఎగ్జిట్టూ లేదు. ఫోన్ చేయవద్దు, ఎత్తను.

ఈసారి చొక్కాలు ఉతికాను. ఇస్త్రీ చేయలేదు. తీగ మీదినుంచి తీసినవి తీసినట్టే కుక్కి పంపుతున్నాను. పెళ్లయిన తర్వాత మీ బట్టలు ఇలా పంపడం ఇదే మొదలు. అక్కడ రుద్దే చేతులున్నాయి కదా.

ఇష్రత్


నజ్రాన్
డిసెంబరు

ఇష్రత్‌కు,

సంచి విప్పి ఆ ముడతలు చూశాక ఇంక దాచడం నాకు చేత కాలేదు.

ఏ ఆడమనిషీ లేదు. అల్లా సాక్షి. అబాయా మగ్సలాకు వచ్చిన వాళ్లది, గౌను వాళ్ల పాపది. రుద్ది ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడం కూడా నా పనే.

నేను ఇక్కడికి వచ్చిన నెలకే ఆఫీసులో నా కుర్చీ ఈ దేశం అబ్బాయికి ఇచ్చారు. తప్పు ఎవరిదీ కాదు, అన్ని ఆఫీసుల్లోనూ అదే జరుగుతోంది. కంపెనీ యజమాని, మన కఫీల్, పిలిచి రెండు దారులు చెప్పాడు. ఎగ్జిట్ తీసుకుని వెళ్లిపోవడం, లేదా కంపెనీ కొత్తగా తెరిచిన మగ్సలాలో పని చేయడం. వెళ్లిపోతే అఫ్షాన్ చదువు నడిమధ్యలో ఆగుతుంది. మగ్సలా అన్నాను. ఇకామాలో నా వృత్తి గుమస్తా అని ఉండేది, ఇప్పుడు ఇస్త్రీ పనివాడు అని మార్చారు. ఆ వృత్తి మీద కుటుంబం ఇకామా మళ్లీ పొడిగిస్తారో లేదో నమ్మకం లేదని మందూబ్ అన్నాడు. అందుకే పరీక్షలు కాగానే మీరు మర్యాదగా వెళ్లిపోతే మేలనుకున్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, బదిలీ అయిన రోజు నువ్వు మీ అన్నతో ఫోన్లో అన్న మాట విన్నాను. "మా ఆయన ఆఫీసు మనిషి, చొక్కాకు ఒక్క ముడత ఉండకూడదు" అన్నావు. ఆ గొంతు నా చెవుల్లో ఉండిపోయింది. చొక్కాలు వద్దంటే కారణం అడుగుతావు. అందుకని పిసికి పంపాను. మోచేతులు అడిగావు. రాముకు తొడిగించాను. పాపం ఆరు రోజులూ మంచం మీద కూర్చుని మోచేతులు వంచి వంచి చూశాడు. "అన్నా, ఆవిడ దీన్నీ పట్టేత్తారు" అని అప్పుడే చెప్పాడు. నేనే వినలేదు.

ఎవరు నేర్పారని అడిగావు. మొదటి వారం ఒక ముసలాయన తోబ్, ఆ తెల్ల పొడుగు అంగీ, కాలర్ మాడ్చాను. సూపర్‌వైజరు అందరి ముందు తిట్టాడు. ఆ రోజు కూర్చుని, నువ్వు రుద్దేటప్పుడు ఏం చేస్తావో గుర్తు తెచ్చుకున్నాను. కాలర్ లోపలివైపు ముందు, కొసల నుంచి మధ్యకు. కఫ్ తెరిచి పరిచి లోపలినుంచి. గుండీల మధ్య పెట్టె ముక్కుతో. పదిహేనేళ్లు నీ ఎదురుగా టీ తాగుతూ ఊరికే కూర్చున్నాననుకున్నాను. కూర్చోలేదు, నేర్చుకున్నాను. ఆ చేతులు నీవే ఇష్రత్.

ఉత్తరం మడత కూడా నేనే. పెట్టె వేడిగా ఉంటే చేయి ఊరుకోదు.

నువ్వు పంపిన ముడతల్లోంచి తెల్లది తీసి నేనే రుద్దాను. పంపుతున్నాను. ఇప్పుడు ఏం చేయమంటే అది చేస్తాను.

హమీద్


అభా
జనవరి

అఫ్షాన్ అబ్బాకు,

ఒక వ్యాను ఖాళీగా పంపాను. కోపం చల్లారకుండా మడత పెట్టకూడదని ఊరుకున్నాను.

తెల్ల చొక్కా కిటికీ దగ్గర పెట్టి చూశాను. గుండీల మధ్య బాగా పోయారు. కఫ్ నాకన్నా బాగా వచ్చింది, ఉన్నమాట చెప్పాలి కదా. భుజం పట్టీ మాత్రం తప్పు. దాన్ని చివర రుద్దినట్టున్నారు, అందుకే కాలర్ కింద ముడత దాక్కుంది. భుజం పట్టీ కాలర్ తర్వాత వెంటనే చేయాలి. మీరు టీ గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లేది సరిగ్గా అప్పుడే. అందుకే చూసి ఉండరు.

ఇక నా మాట. ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం తలవంపులైతే, ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నేనేం చేస్తున్నాను? మా అన్నతో అన్న మాట అన్నాను, కాదనను. నేను గొప్ప చెప్పుకున్నది మీ కుర్చీ గురించి అనుకున్నారు. ముడత లేకపోవడం గురించి చెప్పాను. అది నా పని.

మీరు ఏ పని చేస్తున్నారన్నది కాదు నన్ను బాధపెట్టింది. ఎవరూ వేసుకోని చొక్కాలకు నేను వారం వారం కాలర్లు రుద్దాను. మీరు వాటిని పిసికారు. ఎదురుగా ఉన్న బిడ్డ మొహం కూడా సరిగ్గా చూడకుండా, ఆ గౌను ఏ బిడ్డదో అని ఆలోచించాను. ఆ రోజులకు మీరు జవాబు చెప్పాలి. కాగితం మీద కాదు, ఇక్కడికి వచ్చి.

అఫ్షాన్‌కు చెప్పాను. దాచడం ఈ ఇంట్లో ఇక చాలు. పుస్తకం మూసింది. తర్వాత, "అబ్బాను నా యూనిఫారం కుచ్చులు రుద్దమని చెప్పు, నువ్వు ఒక్కోసారి వంకర పెడతావు" అంది.

పాస్‌పోర్టులు పంపను. పరీక్షలయ్యాక నేనే చేత పట్టుకుని పిల్లతో నజ్రాన్ వస్తాను. ముగ్గురం మందూబ్ ముందు కూర్చుని అడుగుదాం. పొడిగిస్తే ఇక్కడ ఉంటాం, లేదంటే ప్రొద్దుటూరు వెళ్తాం. వెళ్లాల్సి వచ్చినా ఎందుకు వెళ్తున్నానో తెలిసే వెళ్తాను.

చొక్కాలు ఇక పంపవద్దు. రోజూ ఒంటి మీద ఏం వేసుకుంటున్నారో అది పంపండి. ఉతకకుండా.

ఇష్రత్


నజ్రాన్
జనవరి

ఇష్రత్‌కు,

పంపుతున్నాను. మగ్సలా వాళ్లిచ్చిన అంగీ, ముదురు నీలం. చాలా మాసింది, హబీబ్ సంచి ముడి గట్టిగా బిగించాడు. భుజం పట్టీ సంగతి ఈ రోజు నుంచి అమలు చేశాను. రాము సలామ్ చెప్పమన్నాడు. ఇంక తన మోచేతులు తన సొంతమా అని అడుగుతున్నాడు.

వచ్చే శుక్రవారం సెలవు అడిగాను. ఇచ్చారు. అదే వ్యానులో వస్తాను.

హమీద్


అభా
జనవరి చివర

అఫ్షాన్ అబ్బాకు,

అంగీ అందింది. ఈ కాగితం దాని జేబులోనే పెడుతున్నాను. హబీబ్ భాయ్ రేపు తెచ్చిస్తాడు, మీరు బయలుదేరేలోపు చదువుకోండి.

సంచి విప్పగానే ఆవిరి వాసన, గంజి వాసన. వీపు మీద చెమట ఉప్పు తెల్లగా చారలు కట్టింది. ఏసీ గురించి ఇక నాకు చెప్పవద్దు. బకెట్లో వేయబోయి ఆగాను. బల్ల మీద పరిచి, రెండు చేతులూ చాపి చూశాను. నేను ఎక్కడ వేలు పెడితే అక్కడే ఉన్నాయి మడతలు. భుజం వైపు జరగలేదు, కఫ్ వైపు జరగలేదు. కుడిచేతివి ఎడమ వాటికన్నా చాలా లోతుగా ఉన్నాయి. మౌస్ పట్టుకున్నప్పుడు ఇంత లోతు లేవు. పెట్టె బరువు అది. అఫ్షాన్‌ను పిలిచి చూపించాను. "అబ్బావే" అంది.

తర్వాత నానబెట్టి ఉతికాను. పొగమంచులో మూడు రోజులు ఆరింది. నిన్న రుద్దాను. గట్టి గుడ్డ, నీళ్లు బాగా చల్లాల్సి వచ్చింది. కాలర్, భుజం పట్టీ, కఫ్‌లు, వీపు, ముందు భాగాలు, జేబు కిందినుంచి పైకి. వంక పెట్టడానికి ఏమీ లేదు.

మోచేతుల దగ్గర మాత్రం పెట్టె తీసేశాను. అక్కడ ఉతికినా పోని మీ ముడతలున్నాయి, చూస్తారు. మరిచిపోయాననుకోవద్దు.

మీ
ఇష్రత్